ఇషినోమాకి: బొమ్మల కథల రేవుపట్టణము

జపాను దేశపు ఈశాన్య తీరమున మియాగి అను ప్రిఫెక్చరు కలదు. ప్రిఫెక్చరనగా మన జిల్లాకును రాష్ట్రమునకును నడిమి పాలనా విభాగమని భావింపవచ్చును. దాని ముఖ్యపట్టణము సెందాయి. సెందాయినుండి రైలులో సుమారు ఒక గంట ప్రయాణము చేసినచో ఇషినోమాకి అను రేవుపట్టణము వచ్చును. చేపల వేట, బియ్యపు ఎగుమతి, కాగితపు పరిశ్రమ, బొమ్మల కథలు — ఈ నాలుగింటివలన ఆ పట్టణమునకు పేరు వచ్చినది. 2011 వ సంవత్సరము మార్చి 11 వ తేదీన వచ్చిన సునామీలో జపాను దేశములోని ఏ ఇతర పట్టణమునకును కలుగనంత ప్రాణనష్టము ఈ ఊరికి కలిగినది. అందువలన ఈ ఊరిని ఊరకే వర్ణించి విడిచిపెట్టక, పంచాయతీ సభ్యులైన పాఠకులను వెంటబెట్టుకొని దాని వీథులలో ఒకమారు నడచి రావలెనని మా సంకల్పము.

ముందుగా పూర్వకథ కొంచెము చెప్పుకొనవలసి యున్నది. 17 వ శతాబ్దపు ఆరంభమున ఆ సీమ దాతె మసమునె అను ప్రభువు ఏలుబడిలో ఉండెను. ఆయన కొలువులోని కవమురా మగోబె అను ఇంజనీరు కితకామి నదీ ప్రవాహమును మరలించి, కాలువలు సరిచేసి, ఇషినోమాకిని నదీముఖమున పెద్ద రేవుగా తీర్చెను. పైసీమలలో పండిన బియ్యము పడవలమీద ఇచ్చటికి దిగివచ్చి, ఇచ్చటినుండి ఓడలలో ఎదో నగరమునకు, అనగా నేటి టోక్యోకు, పోవుచుండెడిది. గోదావరి జిల్లాల రైతులు కాటను దొరను నేటికిని తలచుకొనుచున్నట్లే, ఇషినోమాకి ప్రజలు మగోబెను మరువలేదు. ఆయనకు కృతజ్ఞతగా 1916 లో ఆరంభించిన నది పండుగను ప్రతి వేసవియందును జరుపుచున్నారు. ఇరువదవ శతాబ్దపు తొలి భాగమున వరదల బాధ తగ్గించుటకై నదికి తూర్పుగా ఒపా అఖాతములోనికి మరియొక మార్గము త్రవ్వినారు. నాటినుండి పట్టణము నడుమ పారునది పాత కితకామి. దూరముగా పారునది క్రొత్త కితకామి. ఈ రెండవ నదిని పాఠకులు జ్ఞాపకముంచుకొనగోరుచున్నాము. దాని ఒడ్డుకు చివరను పోవలసి యున్నది.

2005 ఏప్రిలులో చుట్టుపట్ల ఆరు ఊళ్లు ఇషినోమాకిలో విలీనమైనవి. అందువలన పేరునకు ఒకే నగరమైనను, దాని పరిధిలో పల్లెలు, వరిపొలములు, కొండలు, జాలరిపేటలు, దీవులు అన్నియును కలవు.

ఇక రైలు దిగుదము. స్టేషను ముంగిటనే రంగు రంగుల బొమ్మల వీరులు మనకు స్వాగతము పలుకుదురు. ఎదుట కనిపించు పెద్ద భవనము నగర కార్యాలయము. అది మొదట వస్త్రములు, సామగ్రి అమ్మెడి పెద్ద అంగడి. వ్యాపారము సాగక మూతపడగా, నగర పాలకులు క్రొత్త భవనము కట్టుటకు బదులుగా 2010 లో దానినే కార్యాలయముగా మార్చుకొనిరి. ప్రజాధనమును పొదుపుగా వాడిన పద్ధతి మాకు నచ్చినది. మరుసటి సంవత్సరమే ఆ భవనము చుట్టును సముద్రపు నీరు నిలిచిపోగా, ఉద్యోగులు బయటకు కదలుటకు వీలు లేకపోయెను. విపత్తును ఎదుర్కొనవలసిన కార్యాలయమే ముంపులో చిక్కుకొనుట ఎంత ఇబ్బందియో వేరుగా చెప్పనక్కరలేదు.

స్టేషనునుండి నదివైపు పోవు వీథిని బొమ్మల కథల బాట యందురు. ప్రక్కల కాలిబాటలమీద కథానాయకుల విగ్రహములు నిలిచియున్నవి. ఇవి షోతారో ఇషినోమోరి అను చిత్రకారుడు సృష్టించిన పాత్రలు. ఆయన 1938 లో ఇదే మియాగి ప్రిఫెక్చరులోని ఒక పల్లెసీమలో జన్మించెను. బాలుడుగా నున్నప్పుడు సైకిలుమీద చాల దూరము త్రొక్కి ఇషినోమాకి నదీ ద్వీపములోని సినిమాహాలుకు వచ్చుచుండెడివాడట. తరువాత టోక్యో చేరి, జపాను బొమ్మల కథలకు పెద్దదిక్కైన ఒసాము తెజుకాకు సహాయకుడై, స్వయముగా గొప్ప చిత్రకారుడయ్యెను. 1964 లో ఆరంభించిన ‘సైబార్గ్ 009’, 1971 లో వెలువడిన ‘కామెన్ రైడర్’ అను కథలు ఆ దేశములో పిల్లలకు, పెద్దలకు గూడ కంఠస్థములు. ఒకే వ్యక్తి గీసిన పుటల సంఖ్యలో ఆయనదే ప్రపంచ రికార్డు. ఆ పుటలు 1,28,000 అని లెక్క. 1998 లో ఆయన కాలధర్మము చెందెను.

బొమ్మల కథలనగా చిన్నపిల్లల కాలక్షేపమని మనవారిలో పలువురి అభిప్రాయము. ‘చందమామ’ చదివి పెరిగినవారు ఆ మాట కొంత వెనుకకు తీసికొందురు. ఇషినోమోరి అయితే 1980 దశకములో జపాను దేశపు ఆర్థిక వ్యవస్థనే బొమ్మల కథగా వ్రాసి, ఆయాత నిర్యాతములు, నాణెపు మారకము వంటి విషయములను సామాన్యులకు బోధపరచెను. పన్నుల నోటీసును సైతము చదువనివారు దానిని కొని చదివిరి.

బాట చివరను నది. నది నడుమ నకాజె అను చిన్న ద్వీపము. దానిమీద తెల్లని గ్రుడ్డు ఆకారమున, ఆకాశమునుండి దిగిన నౌకవలె కనిపించు భవనమే ఇషినోమోరి బొమ్మల కథల ప్రదర్శనశాల. 2001 జులైలో దానిని తెరచిరి. దాని వెనుక నొక ఆలోచన కలదు. 1990 దశకములో జనులు మోటారు కార్లలో ఊరివెలుపలి పెద్ద అంగళ్లకు పోవుట మొదలిడగా, ఊరినడుమ దుకాణములు ఒకటొకటిగా మూతపడెను. ఇషినోమోరి పేరును ఆధారము చేసికొని పట్టణమునకు యాత్రికులను రప్పింపవలెనని నగర పాలకులు సంకల్పించిరి. చిత్రకారుడు సమ్మతించెను గాని, ప్రదర్శనశాలను చూచుటకు జీవించి యుండలేదు. బొమ్మలు నిలిపినంతమాత్రమున వ్యాపారము తిరిగి వచ్చునా యని సందేహించుట సహజము. మాకును ఆ సందేహము పూర్తిగా పోలేదు. ఆ వీథిలో నేటికిని మూతపడిన అంగళ్లు, ఖాళీ స్థలములు కానవచ్చుచున్నవి. అయినను సునామీ తరువాత, బయటివారు ఈ ఊరిని కేవలము దుఃఖస్థలముగా గాక మరియొక కారణముచేత గూడ వచ్చి చూచుటకు ఆ బొమ్మలే ఆధారమైనవి.

ఆ దినము సంగతి ఇప్పుడు చెప్పవలెను.

2011 మార్చి 11 వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 46 నిమిషములకు సముద్ర గర్భమున భూమి కంపించినది. కంపప్రమాణము 9. పసిఫిక్ మహాసముద్రపు అడుగుననున్న భూఫలకము ఏటేట కొంచెముగా జపాను క్రిందికి చొచ్చుకొని పోవుచుండును. పైఫలకము దానితో పట్టుబడి వంగుచు వంగుచు ఒకనాడు వదలుకొని పైకి లేచును. వంచిపట్టిన వెదురుబద్దను విడిచిన చందమిది. అప్పుడు సముద్రపు అడుగుతోపాటు దానిపై నీరంతయు ఒక్కసారిగా లేచును. అదియే సునామీ. లోతైన నీటిలో అది విమానపు వేగముతో పరుగెత్తును. ఒడ్డు సమీపించుకొలది వేగము తగ్గి ఎత్తు పెరుగును. ఇషినోమాకి పరిధిలోని ఒషికా ద్వీపకల్పము ఆ దినమున తూర్పువైపు 5 మీటర్లకు పైగా జరిగి, 1 మీటరుకు మించి క్రుంగినది. అనగా నీరు పైకి వచ్చుటయే గాక, నేల గూడ దిగిపోయినది.

మన కోస్తా జిల్లాలవారికి ఉప్పెన క్రొత్త కాదు. 1977 నవంబరు 19 వ తేదీన దివిసీమలో వేలాదిమందిని పొట్టను పెట్టుకొన్నది తుపానుతో వచ్చిన ఉప్పెన. దానికిని సునామీకిని ముఖ్యభేదము కాలములో నున్నది. తుపాను దినముల తరబడి ముందుగా కనిపించును. గాలి, వాన హెచ్చరించును. సునామీ నిర్మలమైన ఆకాశము క్రింద వచ్చును. 2004 డిసెంబరు 26 న సుమత్రా దగ్గర పుట్టిన సునామీ మన తీరము చేరుటకు రెండు గంటలకు పైగా పట్టినది. ఇషినోమాకి ప్రజలకు దొరకినది సుమారు నలుబది నిమిషములనుండి ఒక గంట. జపాను వాతావరణ శాఖ మూడు నిమిషములలోనే హెచ్చరిక పంపినది గాని, మియాగి తీరమునకు 6 మీటర్ల అలయని మొదట ప్రకటించెను. 3 గంటల 14 నిమిషములకు దానిని 10 మీటర్లకు పెంచిరి. అప్పటికి చాలచోట్ల విద్యుత్తు పోయినందున ఆ రెండవ మాట అనేకులకు చేరలేదు. మొదటి అంకెను నమ్మి, గోడ అడ్డమున్నదిగదా యని ఇంట నిలిచినవారు కలరు.

నగర పరిధిలో సుమారు 73 చదరపు కిలోమీటర్ల నేల ముంపుపాలైనది. మూడువేలమందికి పైగా మరణించిరి. నాలుగువందలకు పైగా జాడ తెలియకపోయిరి. నకాజె ద్వీపములో ఇషినోమోరి బాల్యమున చూచిన ఆ సినిమాహాలు కొట్టుకొనిపోయినది. 1880 లో కట్టిన కొయ్య క్రైస్తవాలయము గాయపడి నిలిచినది. దానిని విప్పి మరల కట్టినారు. ప్రదర్శనశాల క్రింది అంతస్తు పాడైనను, మూలచిత్రములు పై అంతస్తులలో ఉండుటవలన దక్కినవి. 2012 నవంబరులో దాని తలుపులు తిరిగి తెరచిరి. వీథిలోని విగ్రహములలో అధికభాగము బురదలో నిలిచియే యుండెను.

ఆ దినములలో జరిగిన ఒక పని పంచాయతీ సభ్యులకు ముఖ్యముగా చెప్పదగినది. ‘ఇషినోమాకి హిబి షింబున్’ అను చిన్న స్థానిక దినపత్రిక 1912 నుండి వెలువడుచున్నది. దాని ముద్రణ యంత్రము నీటిపాలైనది, విద్యుత్తు లేదు, టెలిఫోను లేదు. పత్రికవారు తడియక మిగిలిన అచ్చుకాగితపు చుట్టను కత్తిరించి, చేతిదీపముల వెలుగున, లావుపాటి కలములతో వార్తలను స్వహస్తముతో వ్రాసి, జనులు తలదాచుకొనిన కేంద్రములలో గోడలకు అంటించిరి. మార్చి 12 నుండి 17 వరకు ఆరు దినము లట్లు నడిచినది. ఏ బడిలో ఎవరున్నారు, నీరు ఎక్కడ దొరకును, సహాయము ఎక్కడివరకు వచ్చినది, వట్టి వదంతులను నమ్మవద్దు — ఇవియే ఆ వార్తలు. ఆ గోడపత్రికలలో కొన్ని తరువాత అమెరికాలోని పత్రికా ప్రదర్శనశాలకు చేరినవి. మన గ్రామ చావడి గోడమీది నల్లబల్ల, ఒక ముక్క సుద్ద, చక్కని చేవ్రాత గల ఒక యువకుడు — ఇంతమాత్రము సాధనమే ఆరు దినములు ఒక నగరమునకు కన్నులైనది.

నదికి ఇవతల గట్టు వెంట దక్షిణముగా నడచినచో హియోరియామా అను గుట్ట వచ్చును. ఎత్తు సుమారు 56 మీటర్లు. శిఖరమున దేవాలయము, చెర్రీ చెట్లు. 1689 లో బషో అను మహాకవి ఈ ఊరికి వచ్చి ఇచ్చటినుండి రేవును చూచెను. ఆ శుక్రవారమున వేలాదిమంది ఈ గుట్ట ఎక్కి, మంచు కురియుచుండగా, క్రింద తమ ఇండ్లు నీటిలోను నిప్పులోను పోవుటను చూచిరి.

గుట్టకు సముద్రపు దిక్కున, పాదమునంటి కదోనోవాకి ప్రాథమిక పాఠశాల కలదు. భూమి కంపించి ఆగిన వెంటనే ఉపాధ్యాయులు బడిలో మిగిలియున్న సుమారు 220 మంది పిల్లలను వరుసకట్టించి గుట్టమీదికి నడిపించిరి. అది వారికి అలవాటైన దారి. ముందే నిర్ణయించుకొనిన చోటు. తరువాత చుట్టుపట్ల ఇండ్లవారు ఆశ్రయము కోరి బడికి వచ్చిరి. సునామీ వచ్చి, కొట్టుకొని వచ్చిన కార్లు, కొయ్యలు బడి గోడకు తగిలి అంటుకొనెను. లోపలనున్నవారు తరగతిగదులలో ఉపాధ్యాయుడు నిలుచు బల్లను తెచ్చి, భవనమునుండి వెనుక గుట్ట అంచునకు వంతెనగా వేసికొని దాటిరి. ముందే ఇండ్లకు వెళ్లిపోయిన పిల్లలలో కొందరు మాత్రము దక్కలేదు. కాలిన ఆ భవనమును అట్లే నిలిపి, 2022 ఏప్రిలులో ప్రజల దర్శనార్థము తెరచిరి.

బడి ఎదుట మినామిహామా అను పేట ఉండెడిది. నేడచ్చట ఇండ్లు లేవు. 2021 లో తెరచిన స్మారక ఉద్యానవనములో పాత వీథుల జాడలను చెరపక నిలిపి, ప్రజలు గింజలనుండి పెంచిన మొక్కలను నాటి అడవిగా పెంచుచున్నారు. విపత్తు జరిగిన ఒక నెలకు, ఏప్రిలు 11 న, ఆ ఊరివాడొకడు శిథిలముల నడుమ తన ఇల్లున్న చోట దొరకిన కొయ్యలతో ఒక పెద్ద పలక నిలిపి, ఇషినోమాకి ధైర్యము విడువరాదని దానిమీద వ్రాసెను. ఆ పలక వంశము నేటికిని అచ్చట నున్నది.

ఇండ్లు పోయినవారి కొరకు లోతట్టున వరిపొలములను మెరకచేసి క్రొత్త పేటలు నిర్మించిరి. 2016 లో అచ్చటికి క్రొత్త రైలు స్టేషనొకటి వచ్చినది. నగరము కట్టించి బాడుగకిచ్చిన గృహములు నాలుగువేలకు పైగా. పాత నది గట్లకు పూర్వము కరకట్టలు లేవు. రేవుపట్టణములో గట్టు వేసినచో పడవలకు అడ్డమని వేయలేదు. ఇప్పుడు కాంక్రీటు కట్ట వేసి, దానిమీద జనులు షికారు చేయుటకు బాట తీర్చినారు. చేపల సంతకు సుమారు 900 మీటర్ల పొడవున క్రొత్త కప్పు వేసినారు. పుస్తకములకు, పత్రికలకు కాగితము చేయు మిల్లు ఆరు నెలలలో యంత్రము తిప్పినది. ఇన్నియు జరిగినను జనసంఖ్య తగ్గుచునే యున్నది. విపత్తునకు ముందు 1,60,000 దాటియున్నవారు 2020 జనాభా లెక్కలలో 1,40,000 మాత్రమే. పని దొరకిన చోటికి పడుచువారు పోయిరి. తాత్కాలిక గృహములలో ఏండ్ల తరబడి వేచిన వృద్ధులు, క్రొత్త పేటలో ఇరుగుపొరుగు ఎరుగక ఒంటరియైరి. సొమ్ముతో గట్టు కట్టవచ్చును గాని, వీథి అరుగును తిరిగి తెచ్చుట అంత సులభము కాదు.

ఇప్పుడు క్రొత్త కితకామి ఒడ్డుకు పోవలెను. ఇది నడచి పోదగిన దూరము కాదు. నదీముఖమునుండి సుమారు 4 కిలోమీటర్లు ఎగువను, గట్టు ప్రక్కను, ఓకావా ప్రాథమిక పాఠశాల కలదు. ఇటుకల రంగు గోడలు, గుండ్రని వరండా, వెనుకనే చెట్లతో నిండిన కొండ. పిల్లలు పాఠములో భాగముగా ఆ కొండమీద పుట్టగొడుగులు పెంచినవారు. సముద్రము కనుచూపునకు దూరము. నగరము అచ్చువేయించిన ముంపు పటములో ఈ చోటు ముంపునకు వెలుపల నుండుటయే గాక, బడి స్వయముగా ఆశ్రయస్థానముగా గుర్తింపబడి యుండెను.

భూకంపము కాగానే పిల్లలను మైదానములోనికి తెచ్చిరి. అచ్చటనే సుమారు 50 నిమిషములు నిలిపిరి. కొండ ఎక్కుదమా, వద్దా యని పెద్దలు తర్కించుకొనిరి. కొందరు తల్లిదండ్రులు వచ్చి తమ బిడ్డలను తీసికొనిపోయిరి. నగరపు బండి మైకులో హెచ్చరించుచు పోయినది. తుదకు నది వంతెన ప్రక్కనున్న కొంచెము మెరక చోటికి వరుసగా బయలుదేరిరి; అనగా నీరు వచ్చు దిక్కునకే. 3 గంటల 37 నిమిషముల ప్రాంతమున నది గట్టు దాటి నీరు పైబడినది. బడి పట్టికలోని 108 మంది పిల్లలలో 74 మంది పోయిరి. బడిలోనున్న 11 మంది ఉపాధ్యాయులలో 10 మంది పోయిరి.

23 మంది పిల్లల కుటుంబములు 2014 లో నగరముమీదను, ప్రిఫెక్చరుమీదను న్యాయస్థానమునకు ఎక్కినవి. 2016 అక్టోబరులో జిల్లా న్యాయస్థానము, ఆ మధ్యాహ్నమున ఉపాధ్యాయులు చేసిన నిర్ణయము తప్పని తీర్పు చెప్పెను. 2018 ఏప్రిలులో సెందాయి ఉన్నత న్యాయస్థానము ఇంకను లోతుగా పోయినది. తప్పు ఆ 50 నిమిషములలో మాత్రమే లేదు. అంతకు ముందే జరిగినదని నిర్ణయించెను. ప్రతి పాఠశాలయు విపత్తు ప్రణాళిక వ్రాసి ఉంచవలెనని చట్టము. ఓకావా బడివారును వ్రాసిరి. దానిలో పిల్లలను తరలింపవలసిన చోటు, సమీపమునందలి ఖాళీ స్థలము, తోట అను విధముగా నున్నది. ఏ స్థలము, ఏ తోట? అట్టిది అచ్చట లేదు. ఆ కాగితము పై కార్యాలయమునకు పోయినది, దాఖలాలో చేరినది, ఎవరును సరిచూడలేదు. ముంపు పటమును అట్లే నమ్మక, నది ప్రక్కనున్న బడికి అది సరిపడునా యని విచారించుట బడి పెద్దలకును, నగర విద్యామండలికిని విధియని న్యాయమూర్తులు పలికిరి. సుమారు 143 కోట్ల యెన్నుల పరిహారము విధించిరి. 2019 అక్టోబరులో సుప్రీము కోర్టు నగరపు అప్పీలును త్రోసివేయగా తీర్పు స్థిరపడినది.

దాఖలాలు, ప్రణాళికలు, తీర్మానములు మన పంచాయతీలకును కొత్త కావు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము స్థానిక సంస్థలకు గూడ బాధ్యత నొసగినది. హిందూ మహాసముద్రములో భూమి కంపించినప్పుడు మన దేశమునకు సునామీ హెచ్చరిక పంపు కేంద్రము హైదరాబాదులోనే, 2007 నుండి, రాత్రింబగళ్లు పనిచేయుచున్నది. అచ్చటినుండి హెచ్చరిక రాష్ట్రమునకు, జిల్లాకు కొద్ది నిమిషములలో వచ్చును. జిల్లానుండి జాలరిపేటలోని చివరి గుడిసెకు పోవు దారి మాత్రము ఏ యంత్రమును వేయజాలదు. ఆ దారి తెలిసినవారు పంచాయతీ సభ్యులే. తుపాను ఆశ్రయ భవనపు తాళము ఎవరి చేతనున్నది, వృద్ధురాలైన ఫలానా అవ్వను ఎవరు మోసికొని పోవుదురు, బడి పిల్లలు ఏ మెట్ట ఎక్కుదురు అను సంగతులు ఊరిలో నడచి చూచి వ్రాసిన కాగితములోనే సరిగా నుండును.

ఓకావా బడి శిథిలములను కూల్చవలెనా, నిలుపవలెనా యని బిడ్డలను పోగొట్టుకొనిన కుటుంబములలోనే భేదాభిప్రాయములు వచ్చినవి. చూడలేమని కొందరు; చూపవలెనని కొందరు. 2016 లో నగరము నిలుపుటకే నిశ్చయించి, 2021 లో సందర్శకులకు తెరచినది. పిల్లలు ఒకప్పుడు రంగులతో బొమ్మలు వ్రాసిన గోడ మైదానపు అంచున అట్లే కలదు. తల్లిదండ్రులలో కొందరు వారాంతములలో వచ్చి, దూరదేశములనుండి వచ్చినవారికి సైతము జరిగినది జరిగినట్లు చెప్పుచు, వెనుకనున్న కొండ దారిని చూపించుచున్నారు. ఇటీవలి సంవత్సరములలో మియాగి ప్రిఫెక్చరు విద్యాశాఖ క్రొత్తగా నియమితులైన ప్రధానోపాధ్యాయులను శిక్షణ కొరకు ఇచ్చటికే తీసికొని వచ్చినది. వారు ఆ మైదానములో నిలిచి, తల్లిదండ్రుల మాట విని, పిమ్మట ఆ కొండ ఎక్కి చూచిరి.